నీళ్ళుంటేనే పడవ

ఈ పాఠంలో
• సరస్సు మధ్యలో ఉన్న ఒక ఊరికి పడవలో వెళ్ళొద్దాం.
• "నువ్వు" ఎక్కడ అనాలి, "మీరు" ఎక్కడ అనాలి అన్నది నేర్చుకుందాం.
• చుట్టూ ఉప్పునీళ్ళు ఉన్నచోట మంచినీళ్ళు ఎలా దొరుకుతాయో చూద్దాం.

1. ముందు మాట్లాడుకుందాం

పిల్లలూ, జెద్దాలో మనకి నీళ్ళు అనగానే సముద్రమే గుర్తొస్తుంది. సాయంత్రం కార్నిష్‌కి వెళ్తే ఎర్రసముద్రం. ఇంట్లో కుళాయి తిప్పితే వచ్చేవి కూడా ఎక్కువగా ఉప్పు తీసేసిన సముద్రం నీళ్ళే. సౌదీలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటి కూడా లేదు. అందుకే మీలో చాలామంది ఏరు దాటి ఉండరు. రేవులో నిలబడి పడవ కోసం ఎదురుచూసి ఉండరు.

కథ చదివే ముందు ఇవి ఒకరితో ఒకరు మాట్లాడుకోండి. తప్పులొచ్చినా పరవాలేదు, తెలుగులోనే చెప్పండి.
అ) మీరు ఎప్పుడైనా పడవ ఎక్కారా? ఎక్కడ?
ఆ) మీ ఊరికి రోడ్డు లేకపోతే బడికి ఎలా వెళ్తారు? ఒంట్లో బాగాలేకపోతే ఏం చేస్తారు?
ఇ) మీరు తెలుగులో ఏదో అంటే ఎవరైనా నవ్వారా? అప్పుడు మీకేమనిపించింది?

2. చదువుదాం

(ఈ కథలో మనుషులు కల్పితం. సరస్సు, ఊళ్ళు, పక్షులు నిజం.)

చిన్నికి పదకొండేళ్ళు. తమ్ముడు బుజ్జికి ఏడేళ్ళు. ఇద్దరూ జెద్దాలోనే పుట్టారు. అమ్మమ్మ, తాతయ్య ఉండేది సూళ్ళూరుపేటలో. ఆ ఏడు జనవరిలో వాళ్ళు అమ్మతో కలిసి అమ్మమ్మగారింటికి వెళ్ళారు.

సంక్రాంతి అయిపోయింది. అరిసెల డబ్బా సగమైంది. ఒకరోజు పొద్దున్నే తాతయ్య భుజాన కండువా వేసుకుని, "పదండి, పడవెక్కి ఇరకం చూసొద్దాం" అన్నారు.

"ఇరకం అంటే?" అన్నాడు బుజ్జి.

"పులికాట్ సరస్సులో ఒక దీవి. దాని మీద ఒక ఊరు. అక్కడికి కారు పోదు."

కారు పోని ఊరంటే బుజ్జి నమ్మలేదు. అందుకే అందరికన్నా ముందు చెప్పులేసుకున్నాడు.

తడ మీదుగా భీములవారిపాళెం వెళ్ళారు. అక్కడే రేవు. గట్టుకి పడవలు కట్టి ఉన్నాయి. వలలు ఆరేసి ఉన్నాయి. ఒక పడవలో అప్పటికే కొందరు కూర్చున్నారు. ఒకావిడ ఒళ్ళో చంటిబిడ్డ ఉంది. ఇంకొకాయన కాళ్ళ దగ్గర బియ్యం మూట, గ్యాస్ సిలిండర్ ఉన్నాయి. పడవ నడిపే ఆయన తల పూర్తిగా నెరిసిపోయింది. వంగి తాడు ముడి విప్పుతున్నారు.

చిన్ని ఆయన దగ్గరికి వెళ్ళింది. తెలుగులో అడగాలని ఉంది. మనసులో ఒకసారి అనుకుని, గట్టిగా అడిగింది.

"నువ్వు ఎప్పుడు వెళ్తావు?"

ఆయన తలెత్తి చూశారు. ఏమీ అనలేదు. మళ్ళీ తాడు పనిలో పడ్డారు. బిడ్డనెత్తుకున్న ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అమ్మ కంగారుగా, "చిన్నపిల్ల, తెలీదండీ. ఏమీ అనుకోకండి" అంది.

తను చేసిన తప్పేమిటో చిన్నికి తెలియలేదు. తప్పు జరిగిందని మాత్రం తెలిసింది. చెవులు వేడెక్కాయి. ఇవాళ ఇక తెలుగు మాట్లాడకూడదు అని గట్టిగా అనుకుంది.

అందరూ లైఫ్ జాకెట్లు వేసుకున్నారు. పడవ కదిలింది. కాసేపు ఇంజను టకటకా మోగింది. గట్టు చిన్నదైపోయింది. తర్వాత పడవ తాత ఇంజను ఆపేశారు. పొడవాటి గడ తీసి నీళ్ళలో గుచ్చి, పడవని ముందుకి తోశారు. ఆ గడ సగం కూడా మునగలేదు.

"ఇంతే లోతా? నేను నిలబడగలను!" అన్నాడు బుజ్జి.

"నిలబడొచ్చు అబ్బయా. కానీ అడుగున బురద. కాలు పెడితే తీయలేవు" అన్నారు పడవ తాత.

చిన్ని ఏమీ మాట్లాడకుండా నీళ్ళవైపు చూస్తోంది. తాతయ్య వచ్చి పక్కన కూర్చున్నారు.

"పడవ తాతకి నా వయసు ఉంటుంది" అన్నారు మెల్లగా. "బయటి పెద్దవాళ్ళని 'మీరు' అనాలి. 'మీరు ఎప్పుడు వెళ్తారు' అని అడగాలి."

చిన్ని తలెత్తింది. "మరి నిన్ను నువ్వు అంటాను కదా! అమ్మమ్మని కూడా."

"అది ఇంటి మాట. ఇంట్లో నువ్వంటే ముద్దుగా ఉంటుంది. బయట కొత్తవాళ్ళని అంటే మొరటుగా ఉంటుంది." తాతయ్య ఆమె జడ సర్దారు. "ఇందులో నీ తప్పు లేదమ్మా. జెద్దాలో నువ్వు తెలుగు మాట్లాడేది అమ్మతో, నాన్నతో, ఫోన్లో మాతో. అందరం ఇంట్లోవాళ్ళమే. 'మీరు' అనాల్సిన మనిషి నీకు ఇవాళే ఎదురయ్యాడు."

చిన్నికి చెవుల వేడి కొంచెం తగ్గింది. కానీ నోరు ఇంకా తెరుచుకోలేదు.

అంతలో పడవ ఆగిపోయింది. అడుగు బురదకి తగులుకుంది. పడవ తాత గడతో రెండుసార్లు తోశారు. కదల్లేదు. ఇంకో ఆయన పంచె పైకి కట్టుకుని నీళ్ళలోకి దిగి, వెనకనుంచి నెట్టారు. నీళ్ళు ఆయన నడుము దాకా కూడా రాలేదు.

"నీళ్ళు తగ్గిపోయుండాయి" అన్నారు పడవ తాత. "ఎండలు ముదిరితే ఇంకా తగ్గతాయి. అప్పుడు మా అగచాట్లు చూడాల."

చంటిబిడ్డ ఆవిడ అందుకుంది. "రేత్రిపూట బిడ్డకి జొరమొస్తే ఎట్టుంటాదో మాకు తెలుసు తల్లీ. పడవ రావాల, పడవకి నీళ్ళుండాల. అప్పుడే ఆసుపత్రి."

ఇందాక నవ్విన ఆవిడ ఇప్పుడు నవ్వడం లేదు. చిన్ని ఆ బిడ్డ వైపు చూసింది. ఒళ్ళో హాయిగా నిద్రపోతోంది.

పడవ మళ్ళీ కదిలింది. ఇంజను లేదు. గడ నీళ్ళలో దిగే చప్పుడు, పైకి లేచినప్పుడు కారే చుక్కల చప్పుడు, అంతే. అప్పుడు దూరంగా నీళ్ళమీద ఒక తెల్లటి గీత కనిపించింది. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆ గీతకి కాళ్ళు వచ్చాయి. పొడవాటి గులాబీ రంగు కాళ్ళు.

"ఫ్లెమింగోలు!" అని బుజ్జి అరిచాడు.

గుంపంతా ఒక్కసారి లేచింది. తెల్లటి రెక్కల కింద ఎర్రటి ఎరుపు, అంచున నలుపు. చూడటానికి ఎంతో బాగుంది. కానీ పడవ తాత మొహం బాగాలేదు.

"అరవగూడదు అబ్బయా. అవి ఇప్పుడే మేతకి దిగినాయి. ఊరికే లేపితే వాటి బలమంతా ఎగరడానికే అయిపోతాది. తిన్నదంతా వృథా."

బుజ్జి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. దీవి వచ్చేదాకా తీయలేదు.

ఇరకం రేవులో దిగారు. చిన్ని ముందుగా గమనించింది అక్కడి చప్పుళ్ళని. హారన్లు లేవు. ఏసీల మోత లేదు. ఎవరో వల బాగుచేస్తున్నారు. కోడి అరుస్తోంది. ఒక ఇంట్లోంచి పోపు చిటపట వినిపిస్తోంది. ఇసుకలో నడుస్తుంటే తన అడుగుల చప్పుడు తనకే వినిపించింది.

"ఇంత నిశ్శబ్దంగా ఉందేంటి?" అంది అమ్మ.

"చేపలకి పోయిన మొగోళ్ళు ఇంకా రాలేదమ్మా. చదువుకున్న పిల్లలు బయటికి పోతా ఉండారు" అంది అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ.

అవ్వ పక్కన చిన్ని ఈడు అమ్మాయి ఉంది. చంకలో బిందె పెట్టుకుని, "నీళ్ళకి పోతున్నా, వస్తావా?" అని పిలిచింది. చిన్ని మాట్లాడకుండా వెంట వెళ్ళింది.

ఇసుకలో ఒక గుంట. పెద్ద లోతు లేదు. అడుగున తేటగా నీళ్ళు. అమ్మాయి చెంబుతో ముంచి చిన్నికి ఇచ్చింది. చుట్టూ ఉప్పునీళ్ళు కదా, ఇవీ ఉప్పగానే ఉంటాయి అనుకుంటూ చిన్ని చిన్న గుక్క నోట్లో పోసుకుంది.

తియ్యగా ఉన్నాయి! చిన్ని మొహం చూసి ఆ అమ్మాయి నవ్వింది.

"ఇది దొరువు. వాన పడితే ఇసుక తాగేస్తాది. మనం తవ్వితే తిరిగిస్తాది. ఎక్కువ లోతు తవ్వితే మాత్రం ఉప్పే."

చిన్ని ఇంక ఉండలేకపోయింది. "ఎందుకు?" అనేసింది. తెలుగులోనే.

"ఉప్పునీళ్ళు బరువు. కింద ఉంటాయి. వాన నీళ్ళు తేలిక. పైన ఉంటాయి." బిందె నింపుతూ అడిగింది, "నువ్వు పడవ దిగినప్పటినించీ మాట్లాడలేదేం?"

చిన్ని ఇసుకలో బొటనవేలితో గీత గీసింది. "నాకు తెలుగు సరిగ్గా రాదు. నవ్వుతారు."

"మా ఇంట్లో అరవం మాట్లాడతాం. నాకు తెలుగు పడవలో వచ్చింది, బజారులో వచ్చింది. మొదట్లో అన్నీ తప్పులే. మా అవ్వ నవ్వతాది. మళ్ళా తనే నేర్పిస్తాది." బిందె నడుముకెత్తుకుంది. "మీ ఊరు యాడ?"

చిన్ని కాసేపు ఆలోచించింది. సూళ్ళూరుపేట అనాలా? జెద్దా అనాలా?

"జెద్దా. సముద్రం పక్కన ఉంటుంది. అక్కడ నదులు లేవు. కానీ ఈ గులాబీ కాళ్ళ పక్షులు మా దగ్గరికి కూడా వస్తాయి."

"నిజంగా?" అంది ఆ అమ్మాయి. ఆమె జెద్దా పేరు వినడం అదే మొదలు. ఇద్దరూ దారి పొడవునా పక్షుల గురించే మాట్లాడుకున్నారు.

పొద్దు వాలేవేళకి మళ్ళీ పడవ ఎక్కారు. పడవ తాత తాడు విప్పుతున్నారు. చిన్ని గుండె కొట్టుకుంది. మనసులో ఒకసారి కాదు, మూడుసార్లు అనుకుంది.

"తాతా, మీరు రేపు కూడా పడవ వేస్తారా?"

ఆయన చెయ్యి ఆగింది. మొహమంతా నవ్వయింది.

"నీళ్ళుంటే వేస్తా పాపా. మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"వచ్చే సెలవులకి వస్తాను తాతా. మీరు ఉండండి."

"ఉంటా" అన్నారాయన, గడ అందుకుంటూ.

3. కొత్త మాటలు

సరస్సు: చుట్టూ నేల ఉండి మధ్యలో నీళ్ళు నిలిచే పెద్ద చోటు
దీవి: చుట్టూ నీళ్ళు ఉన్న నేల
రేవు: పడవ ఎక్కే, దిగే చోటు
గట్టు: నీళ్ళ పక్కన ఎత్తుగా ఉండే నేల
గడ: నీటి అడుగున నేలకి ఆనించి పడవని తోసే పొడవాటి కర్ర
తెడ్డు: నీళ్ళని వెనక్కి తోసే బల్లలాంటి కర్ర. గడ నేలని తోస్తుంది, తెడ్డు నీళ్ళని తోస్తుంది.
దొరువు: ఇసుక నేలలో మంచినీళ్ళ కోసం తవ్వే లోతు తక్కువ గుంట
అరుగు: ఇంటి ముందు కూర్చోవడానికి కట్టే గట్టు
మేత: పక్షులు, పశువులు తినేది
అగచాట్లు: కష్టాలు
ఈడు: వయసు. "చిన్ని ఈడు అమ్మాయి" అంటే చిన్ని వయసే ఉన్న అమ్మాయి.
అరవం: తమిళ భాషకి తెలుగువాళ్ళు వాడే ఇంకో పేరు

ఆ ప్రాంతం మాట
కథలో కొందరు మన పుస్తకంలోలా మాట్లాడలేదు, గమనించారా? అది తప్పు తెలుగు కాదు. నెల్లూరు, సూళ్ళూరుపేట వైపు వినిపించే తెలుగు.
యాడ = ఎక్కడ
ఎట్టుంటాదో = ఎలా ఉంటుందో
తగ్గిపోయుండాయి = తగ్గిపోయి ఉన్నాయి
చూడాల = చూడాలి
రేత్రి = రాత్రి, జొరం = జ్వరం
అబ్బయా = అబ్బాయీ
మీ అమ్మమ్మ, నాయనమ్మ మాటల్లో ఇలాంటివి ఏమున్నాయి? మూడు రాసుకుని రండి.

4. తెలుసుకుందాం: పులికాట్ సరస్సు

పటంలో ముందు చెన్నైని వెతకండి. అక్కడి నుంచి తీరం వెంట ఉత్తరానికి వేలు జరపండి. సముద్రానికి ఆనుకుని పొడవుగా కనిపించే నీళ్ళే పులికాట్ సరస్సు. కొంత తమిళనాడులో ఉంది, ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఆంధ్రలో ఉన్న భాగం 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. ఇలాంటి ఉప్పునీటి సరస్సుల్లో మన దేశంలో అన్నిటికన్నా పెద్దది ఒడిశాలోని చిలికా. రెండోది ఇదే. దీనికి 'ప్రళయ కావేరి' అని ఇంకో పేరు ఉంది. స. వెం. రమేశ్ గారు ఇక్కడి మనుషుల గురించి, ఇక్కడి తెలుగులోనే 'ప్రళయ కావేరి కథలు' అనే పుస్తకం రాశారు. పెద్దయ్యాక మీరూ చదవండి.

సరస్సుకి, బంగాళాఖాతానికి మధ్య అడ్డుగోడలా ఉన్న దీవి శ్రీహరికోట. 2023 జులై 14న చంద్రయాన్-3 ఎగిరింది అక్కడి నుంచే. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి వెళ్ళే రోడ్డు ఈ సరస్సు మీదుగానే పోతుంది. చలికాలంలో ఆ రోడ్డు మీద నుంచే పక్షులు కనిపిస్తాయి.

ఈ నీళ్ళు ఉప్పనా, చప్పనా? రెండూ! వానాకాలం చివర, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఇక్కడ వానలు ఎక్కువ. అప్పుడు కాళంగి లాంటి ఏర్లు మంచినీళ్ళు తెస్తాయి. ఉప్పదనం తగ్గుతుంది. ఎండాకాలంలో నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. అప్పుడు కొన్నిచోట్ల సముద్రంకన్నా ఉప్పగా మారతాయి.

సముద్రం నీళ్ళు సరస్సులోకి రావడానికి ఇరుకైన దారులు ఉన్నాయి. వాటిని ముఖద్వారాలు అంటారు. అలలు తెచ్చిన ఇసుక పేరుకుని అవి పూడిపోతుంటాయి. అప్పుడు సముద్రం నీళ్ళు రావు. నీళ్ళతోపాటు వచ్చే చేపపిల్లలు, రొయ్యపిల్లలు కూడా రావు. వలలో చేపలు తగ్గుతాయి, పడవకి లోతు తగ్గుతుంది. అందుకే ఇక్కడి జాలరులు ముఖద్వారాల్లో ఇసుక తీయించమని అడుగుతుంటారు. కథలో పడవ తాత "నీళ్ళుంటే" అన్నది ఊరికే అన్న మాట కాదు.

పక్షుల సంగతి. ఫ్లెమింగోని ఈ ప్రాంతంలో రాజహంస అని కూడా పిలుస్తారు. ఇది తల తలకిందులుగా నీళ్ళలో ముంచి, ముక్కుతో నీళ్ళని వడకట్టి తింటుంది. పుట్టినప్పుడు బూడిద రంగులో ఉంటుంది. నీళ్ళలోని నాచు, చిన్నచిన్న రొయ్యల్లాంటి జీవులు తినగా తినగా గులాబీ రంగు వస్తుంది. లోతు తక్కువగా ఉండే ఉప్పునీళ్ళంటే దీనికి ఇష్టం. అందుకే పులికాట్‌కి వస్తుంది. అందుకే మన జెద్దాలో దక్షిణ కార్నిష్ వైపు లోతులేని నీళ్ళలో కూడా కనిపిస్తుంది.

పులికాట్‌కి దగ్గరలోనే నేలపట్టు అనే ఊరు ఉంది. అక్కడి చెరువులో నీటికడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి. గూడబాతు అంటే ముక్కు కింద సంచి ఉండే పెలికాన్. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలాలకి ఎరువవుతాయి. అందుకే ఆ ఊరివాళ్ళు వాటిని చాలాకాలంగా కాపాడుకుంటున్నారు.

5. భాష: నువ్వా? మీరా?

తెలుగులో ఎదుటి మనిషిని పిలవడానికి రెండు మాటలు ఉన్నాయి. ఏది వాడితే దానికి తగ్గట్టు క్రియ కూడా మారుతుంది.

నువ్వు వస్తావు → మీరు వస్తారు
నువ్వు ఎక్కడ ఉంటావు? → మీరు ఎక్కడ ఉంటారు?
నీ పేరేమిటి? → మీ పేరేమిటి?
నీకు తెలుసా? → మీకు తెలుసా?
రా, కూర్చో, చెప్పు → రండి, కూర్చోండి, చెప్పండి

ఎవరిని ఏమనాలి?
• స్నేహితులని, తమ్ముణ్ణి, చెల్లిని: నువ్వు
• అమ్మని, అమ్మమ్మని, తాతయ్యని: చాలా ఇళ్ళలో నువ్వు అంటారు. కొన్ని ఇళ్ళలో మీరు అంటారు. మీ ఇంట్లో ఎలా అంటారో అదే అనండి.
• టీచరుని, ఇంటికొచ్చిన పెద్దవాళ్ళని, డ్రైవరుని, కొట్టు ఆయనని, వాచ్‌మన్‌ని: మీరు
• పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకండి. వయసుని బట్టి అన్నా, అక్కా, బాబాయ్, పిన్నీ, తాతా, అవ్వా అనండి. అంకుల్, ఆంటీ అన్నా పరవాలేదు. వీళ్ళందరితో "మీరు" అనే మాట్లాడాలి.

ఒక గుర్తు: ఆ మనిషి చేసే పని పెద్దదా చిన్నదా అని చూడకూడదు. పడవ నడిపే ఆయనైనా, డాక్టరైనా "మీరు" ఒక్కటే.

ఎదురుగా లేని పెద్దవాళ్ళ గురించి చెప్పేటప్పుడు కూడా మర్యాద ఉండాలి. మన కథలో "పడవ తాత అన్నాడు" అని లేదు, "అన్నారు" అని ఉంది. అలాంటి వాక్యాలు ఇంకో మూడు కథలో వెతికి గీత గీయండి. ఒకచోట తాతయ్య మాత్రం పడవ తాత గురించి "ఎదురయ్యాడు" అన్నారు. ఎందుకు అలా అని ఉంటారు? మాట్లాడుకోండి.

మార్చి రాయండి (ఎదుట ఉన్నది మీ కొత్త టీచరు అనుకోండి):
అ) నువ్వు ఏ ఊరి నుంచి వచ్చావు?
ఆ) నీ పుస్తకం ఇక్కడ మర్చిపోయావు.
ఇ) లోపలికి రా, నీళ్ళు తాగు.
ఈ) నువ్వు రేపు ఎప్పుడు వెళ్తావు?

6. అర్థమైందా?

ఒక వాక్యంలో జవాబు రాయండి.
1. పడవ ఏ రేవు నుంచి బయలుదేరింది?
2. గడ సగం కూడా మునగలేదు. దీన్ని బట్టి మీకేం తెలిసింది?
3. పక్షులని లేపితే పడవ తాతకి ఎందుకు నచ్చలేదు?
4. దొరువు ఎక్కువ లోతు తవ్వితే ఏమవుతుంది?

రెండు మూడు వాక్యాల్లో రాయండి.
5. రేవులో చిన్నికి చెవులు ఎందుకు వేడెక్కాయి? తాతయ్య ఏం చెప్పారు?
6. చంటిబిడ్డ ఆవిడ ముందు ఎందుకు నవ్వింది? తర్వాత ఏ సంగతి చెప్పింది?
7. దీవి అమ్మాయికి తెలుగు ఎలా వచ్చింది?

ఆలోచించి చెప్పండి.
8. ఊరు నిశ్శబ్దంగా ఉంటే చూడటానికి వెళ్ళినవాళ్ళకి హాయిగా ఉంటుంది. అక్కడే ఉండేవాళ్ళకి కూడా ఎప్పుడూ హాయిగానే ఉంటుందా? అవ్వ చెప్పిన మాట గుర్తు చేసుకోండి.
9. ఆ ఊరికి వంతెన కడితే ఏ మంచి జరుగుతుంది? ఏం మారిపోతుంది? రెండు వైపులా చెప్పండి.
10. పడవ కదలాలంటే నీళ్ళు కావాలి. మీ నోట్లో తెలుగు కదలాలంటే ఏం కావాలి?

7. చేసి చూద్దాం: తేలే గుడ్డు

కావలసినవి: పెద్ద గాజు గ్లాసు, ఉడికించని గుడ్డు, ఉప్పు, చెంచా, మంచినీళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన ఉండమనండి.

1) గ్లాసులో సగం దాకా మంచినీళ్ళు పోసి గుడ్డు వేయండి. మునుగుతుంది.
2) గుడ్డు తీసేయండి. నీళ్ళలో ఉప్పు వేస్తూ బాగా కలపండి. మళ్ళీ గుడ్డు వేసి చూడండి. అది తేలేదాకా ఉప్పు కలుపుతూ ఉండండి.
3) ఇప్పుడు చెంచాని నీళ్ళ పైన ఆనించి, దాని మీద నుంచి మంచినీళ్ళు చాలా మెల్లగా పోయండి. తొందరపడితే రెండూ కలిసిపోతాయి.
4) గుడ్డు ఎక్కడ ఆగింది? పైనా? అడుగునా? మధ్యలోనా?

కింద బరువైన ఉప్పునీళ్ళు, పైన తేలికైన మంచినీళ్ళు. దీవి అమ్మాయి చెప్పింది ఇదే. దొరువులో పైపైన తవ్వితే మంచినీళ్ళు దొరికేది అందుకే. బొమ్మ గీసి, తెలుగులో పేర్లు రాయండి: ఉప్పునీళ్ళు, మంచినీళ్ళు, గుడ్డు.
(పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.)

8. ఈ వారం పని

ఇండియాలో ఉన్న మీ పెద్దవాళ్ళలో ఒకరికి ఫోన్ చేయండి. ఈ నాలుగు ప్రశ్నలు తెలుగులో అడగండి. జవాబులు రాసుకోండి.
• మీ చిన్నప్పుడు ఇంటికి నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకునేవారు?
• మీ ఊళ్ళో చెరువు గానీ, ఏరు గానీ ఉండేదా? దాని పేరేమిటి?
• ఎప్పుడైనా పడవ దాటారా? ఎవరితో?
• ఆ చోటు ఇప్పుడు ఎలా ఉంది?

తర్వాత ఆ సంగతులతో పది వాక్యాలు రాయండి. ఇలా మొదలుపెట్టండి: "మా తాతయ్య చిన్నప్పుడు..." పెద్దవాళ్ళ గురించి రాస్తున్నారు కాబట్టి అన్నారు, వెళ్ళారు, చూశారు అని రాయాలి.

వచ్చే క్లాసులో ఇద్దరిద్దరుగా ఆట ఆడదాం. ఒకరు పడవ తాత, ఒకరు ప్రయాణికులు. పడవ ఎప్పుడు బయలుదేరుతుంది, టికెట్ ఎంత, ఊరు ఎంత దూరం, తిరిగి ఎప్పుడు వస్తుంది అని అడగాలి. "నువ్వు" అన్నవాళ్ళ పడవ బురదలో ఆగిపోతుంది! "మీరు" అని మళ్ళీ అడిగితేనే కదులుతుంది.

9. ఇంట్లో పెద్దలకి ఒక మాట

మన పిల్లలు పెద్దవాళ్ళని "నువ్వు" అంటే అది పొగరు కాదు. వాళ్ళకి వినిపించే తెలుగంతా మనం వాళ్ళతో మాట్లాడేదే. రా, తిను, పడుకో, నువ్వు చదివావా? వాళ్ళు విన్నదే తిరిగి చెప్తారు. నలుగురిలో మందలిస్తే "మీరు" నేర్చుకోరు, మాట్లాడటమే మానేస్తారు. ఇంటికి తెలుగువాళ్ళు వచ్చినప్పుడు పిల్లల్ని గదిలోకి పంపకండి. "అంకుల్, మీరు టీ తాగుతారా?" అని అడిగే పని వాళ్ళకి అప్పగించండి. కూరల కొట్లో, కారులో తెలుగు తెలిసినవాళ్ళు కనిపిస్తే పిల్లలతోనే మాట్లాడించండి. తప్పు వస్తే పక్కకి పిలిచి సరైన వాక్యం ఒక్కసారి చెప్పి, మళ్ళీ పంపండి.

చలికాలంలో ఒక సెలవురోజు పొద్దున్నే దక్షిణ కార్నిష్ వైపు తీసుకెళ్ళండి. పక్షులు కనిపిస్తే దూరం నుంచే చూపించండి. అరవకూడదని మీరు చెప్పక్కర్లేదు. ఎందుకు అరవకూడదో ఈ పాఠం చదివిన మీ పిల్లల్నే అడగండి, వాళ్ళే చెప్తారు.